మిర్చికి అల్లం పచ్చడి తోడు

నూనెలో వేగినదాన్ని ఉత్తగా తినకూడదు. పక్కన పుల్లగా, తియ్యగా ఏదో ఒకటి ఉండాల్సిందే. రాయచూరు తాలూకాలో మా చంద్రబండ వైపు మిర్చి బజ్జీకి జోడీ మండక్కి ఒగ్గరణె, అంటే తాలింపు వేసిన మరమరాలు. అక్కడి తెలుగు ఇళ్లలోనూ అంతే. ఆ జోడీకి నేను వంక పెట్టను. కాకపోతే అది కడుపు నింపుతుంది గానీ నాలుక మీది జిడ్డు వదిలించదు. ఆ పని బెల్లం వేసిన అల్లం పచ్చడే చేయాలి.

దీనికి తొందర పనికిరాదు. అల్లం చెక్కు తీసి, సన్నగా తరిగి, పచ్చివాసన పోయి అంచులు ఎర్రబడేదాకా నూనెలో వేయించాలి. ఎండుమిరపకాయలు, మెంతులు విడిగా వేయించుకోవాలి. మెంతులు మాడాయంటే పచ్చడంతా చేదే. అల్లం ఎంతో నానబెట్టిన చింతపండు అంత, బెల్లం అంతకంటే కాస్త ఎక్కువ. అన్నీ కలిపి నూరాక నేను మళ్లీ మూకుట్లో వేసి, సన్నసెగ మీద నూనె తేలేదాకా ఉడికిస్తాను. కిటుకంతా ఇక్కడే ఉంది. బజ్జీ ముంచి ఎత్తితే పచ్చడి అంటుకుని రావాలి, కారిపోకూడదు. పల్చగా ఉంటే శనగపిండి పొర దాన్ని పీల్చుకుని మెత్తబడుతుంది. ఇక కరకర ఏముంటుంది?

జపాన్‌లోనూ చిక్కదనమే మలుపు. పంది మాంసం ముక్కకు బ్రెడ్ పొడి అద్ది వేయించే టోంకాట్సు అక్కడివాళ్లకు ప్రాణం. దానికి తోడుగా ఇంగ్లండ్ నుంచి వచ్చిన వూస్టర్ సాస్ వాడదామంటే అది నీళ్లలా ఉండేది. కోబే నగరంలోని ఆలివర్ సాస్ కంపెనీ 1948లో చిక్కటి టోంకాట్సు సాస్ తెచ్చింది. ఇలాంటి సాసుల్లో టమాటా, ఉల్లి, ఆపిల్ వంటివాటి గుజ్జు, వెనిగర్, చక్కెర, మసాలాలు ఉంటాయి. నన్ను సంతోషపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. లీ అండ్ పెర్రిన్స్ వారు 1837 నుంచి అమ్ముతున్న వూస్టర్ సాస్‌లో చింతపండు పడుతుంది. ఎంత దూరం వెళ్లినా వేపుడుకు మన పులుపే దిక్కయిందన్నమాట.

మరి మన బజ్జీల పళ్లెంలో ఇప్పుడు టమాటా సాస్ సీసా ఎందుకు? అందులో తీపి ఉంది, అల్లం ఘాటు లేదు. ఈసారి మిర్చి వేయాలనుకుంటే ముందురోజే పచ్చడి చేసి పెట్టండి. ఒక రాత్రి ఊరితే తీపీ ఘాటూ బాగా కలుస్తాయి. తడి చెంచా మాత్రం పెట్టకండి.