టిక్ అన్నాకే ముక్క

కుక్కలకు మాట వినడం నేర్పించుకోవడానికి వచ్చేవాళ్లు ఏ బిస్కెట్ మంచిదని అడుగుతారు. నేను చూసేది వాళ్ల చేతిని. ‘కూర్చో’ అనగానే కుక్కపిల్ల కూర్చుంటుంది. యజమాని సంబరపడి, జేబు తడిమి, కవరు విప్పి, ముక్క తుంచేసరికి అది లేచి మోకాళ్ల మీదికి ఎగురుతుంటుంది. ముక్క అప్పుడు నోట్లో పడుతుంది. కూర్చున్నందుకు ఇచ్చానని ఆయన లెక్క, ఎగిరినందుకు దొరికిందని దాని లెక్క. వారం తిరక్కుండానే ‘ఇది మాట వినదండీ’ అంటారు. పాపం, దానికి అందింది అది చక్కగా నేర్చుకుంది.

1948లో గ్రైస్ అనే మనస్తత్వవేత్త తెల్ల ఎలుకలతో ఈ ఆలస్యం తెచ్చే చిక్కును తేల్చి చూపించాడు. నలుపు, తెలుపు దారుల్లో సరైనది ఎంచుకున్నాక మేత అర సెకను ఆలస్యమైనా నేర్చుకోవడం నెమ్మదించింది. పది సెకన్లయితే కొన్నిటికి ఎన్నిసార్లు తిప్పినా పట్టుబడలేదు.

మరి గాల్లోకి ఎగిరిన డాల్ఫిన్‌కు అక్కడే చేప అందించలేం కదా! అందుకే శిక్షకులు ఆ క్షణాన ఈల వేస్తారు, చేప తర్వాత ఇస్తారు. కుక్కలకు, నొక్కితే టిక్‌మనే క్లిక్కర్ చేసే పనీ అదే. అయితే ఆ చప్పుడుకు దానంతట దానికి విలువ లేదు. ఏ పనీ చెప్పకుండా, టిక్ అనడం, ముక్క పెట్టడం, మళ్లీ టిక్, మళ్లీ ముక్క... ముందు ఇది ఒంటబట్టాలి. ఆ తర్వాత ముక్క రెండు మూడు సెకన్లు ఆలస్యమైనా కుక్క తికమకపడదు. చాలామంది ఈ మెట్టే దాటేస్తారు. నాకు మనసు కష్టమయ్యేదీ అక్కడే.

1913లో హంటర్ అనే మనస్తత్వవేత్త చేసిన పరీక్షలోనూ ముందు నేర్పిందే ఆధారం. దీపం వెలిగిన చోట తిండి ఉంటుందని జంతువులకు ముందే అలవాటు చేశాడు. ఆపైన మూడు చోట్లలో ఒకచోట వెలిగించి, ఆర్పి, కాసేపు ఆపి వదిలాడు. ఎలుకలు పది సెకన్ల దాకా ఆపినా సరైన చోటికే వెళ్లాయి, కుక్కలు ఐదు నిమిషాల దాకా. అవి ఎక్కువగా ఒళ్లు అటే తిప్పి ఉంచుకునేవట. ‘ఆగు’ నేర్పేటప్పుడు నేనూ మూతి ఎటుందో కనిపెట్టి చూస్తాను.

ఆలస్యం విషయంలో రుచి సంగతి వేరు. తిన్న చాలాసేపటికి కడుపులో తిప్పినా ఎలుక ఆ రుచినే దూరం పెడుతుందని గార్సియా అనే మనస్తత్వవేత్త 1960లలో చూపించాడు. కొరికిన చెప్పుకు అలా కుదరదు. పొద్దున కొరికినదానికి సాయంత్రం ఇంటికొచ్చి తిడితే కుక్కకు గుర్తుండేది బండి ఆగిన చప్పుడు, గేటు తీసిన మనిషి. అలా బెదిరిన కుక్కకు ‘రా’ నేర్పాలంటే చాలా రోజులు వట్టి గేటు చప్పుడుతోనే గడపాలి: గేటు తీయడం, ముక్క వేయడం, దాని జోలికి పోకుండా లోపలికి వెళ్లిపోవడం.