గరిటె, వంకర కర్ర, ఉలిగాటు

పాత నాణేల మీది బొమ్మల్ని భూతద్దం పెట్టి చూడటం నాకో వ్యసనం. అందరూ ముందు మొహం చూస్తారు. నేను అంచుల దగ్గర మొదలెడతాను. అసలు కబుర్లన్నీ అక్కడే దొరుకుతాయి.

ఈ వారం నా బల్ల మీదికి ఒక రోమన్ వెండి దినారియస్ ఫోటో వచ్చింది. మన ‘దీనారం’ అన్న మాటకు మూలం ఈ నాణెమే. క్రీ.పూ. 2 నుంచి అగస్టస్ చక్రవర్తి లుగ్డునం (ఇప్పటి లియాన్) టంకశాలలో కొట్టించిన రకం. బరువు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. ఒకవైపు ఆకుల దండ చుట్టిన అగస్టస్ తల. రెండోవైపు ఆయన కూతురి కొడుకులు గైయస్, లూసియస్. ఇద్దరినీ తాతే దత్తత తీసుకున్నాడు. టోగాలు కట్టుకుని నిలబడ్డారు, మధ్యలో డాళ్లు, బల్లేలు. వాటి పైన ఇరుకులో ఓ గరిటె, ఓ వంకర కర్ర. గరిటె పూజారులు దేవుళ్లకు సుర ధారపోసేది, అది గైయస్ పదవికి గుర్తు. కర్ర పక్షుల్ని చూసి శకునం చెప్పేవాళ్లది, అది లూసియస్‌ది. ఇదంతా గోరంత జాగాలో, అదీ తిరగేసి చెక్కాలి. అచ్చు చెక్కినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.

చుట్టూ ఉన్న లాటిన్ రాత వాళ్లను ‘కాబోయే కాన్సుళ్లు’, అంటే రోమ్ అత్యున్నత పదవికి ఎంపికైనవాళ్లు, అంటుంది. లూసియస్ క్రీ.శ. 2లో మార్సెయిల్‌లో పోయాడు. అర్మీనియాలో తగిలిన గాయంతో గైయస్ 4లో పోయాడు. వెండికి ఆ సంగతితో పనిలేదు. సముద్రాలు దాటింది. మన నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డ నిధిలో 1,531 దినారియస్‌లున్నాయి, ఎక్కువ భాగం అగస్టస్, ఆయన వారసుడు టైబీరియస్‌లవే.

వాటిలో చాలా వాటి మీద, సరిగ్గా చక్రవర్తి తల మీదే, ఉలిగాట్లు! పరాయి రాజు బొమ్మ చెల్లకుండా చేశారని కొందరు పండితులంటారు. వెండి పరీక్ష అని ఇంకొందరు. నాది రెండో పక్షం. పైన వెండి పూసి లోపల రాగి పెట్టిన దొంగ నాణేలు రోమ్‌లోనూ తిరిగేవి మరి. మా అమ్మమ్మ అయితే కంసాలి ఎంత తెలిసినవాడైనా “గీటు పెట్టి చూపించు నాయనా” అనకుండా గొలుసు ముట్టేది కాదు. పైగా నాణెం మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది తలే, ఉలి అక్కడే ఆనుతుంది.

నా ఫోటోలోనూ అగస్టస్ చెవి నుంచి చెంప దాకా గాటు. రెండోవైపు ఫోటోలో మనవలిద్దరూ డాళ్ల మీద చెయ్యేసి నిలబడే ఉన్నారు.