చీటీలో లేని పేరు

ఎండబెట్టి, అదిమి, దళసరి కాగితానికి అంటించిన ఒక కొమ్మ. కింద మూలన చీటీ. అందులో లాటిన్ పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు. దీన్నే హెర్బేరియం షీటు అంటారు. నీలకురింజి షీటును కూడా మనం పుస్తకాన్ని చదివినట్టే చదవాలి. ఏం రాశారు? ఏం వదిలేశారు?

నీలకురింజి శాస్త్రీయ నామం స్ట్రోబిలాంథస్ కుంతియానా. 1832లో నీస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎండు నమూనాలు చూసి, కుంత్ అనే మరో జర్మన్ శాస్త్రజ్ఞుడి పేరు దీనికి కలిపాడు. ఆ ఇద్దరూ మన దేశంలో అడుగుపెట్టినవారు కారు. కురింజి అన్న పేరు మాత్రం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే తమిళ సంగం కవిత్వంలో ఉంది.

నీలగిరి, పళని, మున్నార్ కొండల్లో ఈ మొక్క పన్నెండేళ్లకోసారి గుంపుగా పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. మున్నార్‌లో 2006లోనూ, 2018లోనూ పూసింది. పువ్వుంటేనే మొక్కను గుర్తుపట్టడం సులువు కాబట్టి సేకరించేవారు పూత ఏడాదికే వస్తారు. మిగతా పదకొండేళ్లు ఆ పచ్చికొండను కనిపెట్టుకుని ఉండేది ఎవరు? అక్కడ బతికేవాళ్లే. పళియన్లు ఈ పూతలతోనే తమ వయసు లెక్కపెట్టుకునేవారని చెబుతారు. షీటు ఒక్క రోజు సంగతి చెబుతుంది. నాలుగు పూతలు చూసిన ముసలమ్మ ముప్ఫై ఆరేళ్ల సంగతి చెప్పగలదు. కానీ పాత చీటీల్లో చాలావాటిలో దారి చూపినవారి పేరు లేదు, వారు మొక్కను పిలిచిన పేరూ లేదు.

అలాగని షీటును తోసిపారేయలేం. తేయాకు, యూకలిప్టస్ తోటలు మింగేసిన కొండ మీద ఒకప్పుడు ఈ పువ్వు ఉండేదనడానికి ఆ ఎండు కొమ్మే సాక్ష్యం. సాక్ష్యం మంచిదే, సగమే రాశారన్నదే మన ఫిర్యాదు.

ఆ మిగతా సగం మనం రాయాలి. మన ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయులు పిల్లలచేత షీట్లు చేయించేటప్పుడు చీటీలో మరో మూడు వరుసలు చేర్చండి: మన భాషలో పేరు, చెప్పిన పెద్దలు, పూయని నెలల్లో దాని తీరు. అరుదైన మొక్కనైతే తెంపొద్దు, ఫొటో చాలు. మందు గుణం మాత్రం చెప్పినవారు ఒప్పుకుంటేనే రాయండి. పేరు రాయడం మన హక్కు. పెద్దల విద్యను వారిని అడగకుండా బయటపెట్టే హక్కు మనకూ లేదు.