మోటుపల్లి యభయశాసనమునందలి కర్తృపదము

శాసనములఁ జదువువారు శకసంవత్సరమును, రాజనామమును వెదకుట కలవాటుపడి, వాక్యమునకుఁ గర్త యెవరో విచారింప మఱతురు. కృష్ణాడెల్టాకు నైరృతిదిశను, చీరాలకుఁ జేరువనున్న మోటుపల్లిలోఁ గాకతి గణపతిదేవుఁడు 1244-45లో వ్రాయించిన యభయశాసనమున కీ విచార మావశ్యకము. తుపానునఁ బగిలి యొడ్డునఁ బడిన యోడలలోని సొమ్మును బూర్వరాజులు బలాత్కారముగాఁ గొనుచుండిరనియు, ధనము ప్రాణముకంటెను బ్రియమైనది గావున, సముద్రయానసాహసము చేసిన వర్తకులకుఁ దాను కృపతోఁ గీర్తిని ధర్మమును గోరి నియతశుల్కము దక్క సర్వమును విడిచితిననియు నందు రాజు చెప్పును. ఆ శుల్కము ముప్పదింట నొకటి. పూర్వరాజుల చేష్టను దాఁచక చెప్పుట యీ శాసనమునకు వన్నె. ప్రశస్తులలో నిట్టి నిష్కాపట్య మరుదు.

ఇంతకు ముప్పదేండ్లకుఁ బూర్వము, 1215 జూనునందు, ఇంగ్లండు రాజగు జాన్ థేమ్సునదియొడ్డున రన్నీమీడులో మాగ్నాకార్టాకు ముద్ర వేయించెను. దాని 41వ ప్రకరణమును వర్తకుల రాకపోకలకు భద్రత నొసఁగి, దుష్టశుల్కములను నిషేధించును. విషయ మొక్కటియే. కాని 61వ ప్రకరణమున మోటుపల్లిలో లేని దొకటి కలదు: రాజు మాటతప్పినచో నిరువదియైదుగురు ప్రభువులు కోటలను భూములను బట్టుకొని తప్పు దిద్దింపవచ్చును. అచట వాగ్దాత రాజే; విచారించువారు మాత్రము పరులు. మోటుపల్లిలో వాగ్దాతయు విచారకర్తయు నొక్కఁడే. ఈ భేదమును గమనింపక రెంటిని సమానములనుట శబ్దసామ్యమును జూచి యర్థసామ్యమును గల్పించుటయే.

భేదమునకుఁ గారణము సామంతులు. జాన్ 1204లో నార్మండీని గోల్పోయి, దానిఁ దిరిగి గెలుచుటకుఁ బ్రభువులమీఁద ధనభారము మోపి, వారిని బగవారిఁ జేసికొనెను. గణపతిదేవుఁడో, తాను జయించినవారిని జుట్టములఁ జేసికొనెను. దివిసీమ యయ్యవంశపు టాఁడుపడుచులగు నారమ, పేరమలను బెండ్లాడి, వారి సోదరుఁడు జాయపను గజసాహిణిగా నిలిపెను. కూఁతురు గణపాంబను ధరణికోట కోటవంశపు బేతరాజున కొసఁగెను. కృష్ణాతీరపుఁ బ్రభువులకు రాజుతోఁ బత్రము వ్రాయించుకొనవలసిన యక్కఱ కలుగలేదు, వియ్యమే పత్రమైనది.

తరువాతఁ దిరుగుబాటు లేకపోలేదు. కాయస్థ అంబదేవుఁడు రుద్రమదేవి నెదిరించెను. అతని 1290 నాఁటి త్రిపురాంతకశాసనపు ధోరణి విజయములను లెక్కించుట. రాజాధికారమునకు హద్దు గోరుట కాదు. అతనికి వలసినది రాజ్యము.

అయినను ఆంగ్లపత్రమును మితిమీఱి పొగడరాదు. పోపు మూఁడవ ఇన్నొసెంటు 1215 ఆగస్టులోనే దానిని రద్దుపఱచెను. 1216, 1217, 1225 ప్రతులలో నా 61వ ప్రకరణము తిరిగి చేరలేదు. రక్షణ పొందినవారు ముఖ్యముగాఁ బ్రభువులును స్వతంత్రులును. మోటుపల్లిలో రక్షణ పొందినవారు కొలువులో నోరులేని సముద్రవర్తకులు. పగిలిన యోడసొమ్ముపై రాజునకుఁ గల హక్కునకు ఇంగ్లండున 1275 నాఁటి చట్టము పెట్టిన హద్దు వింతైనది: ఓడనుండి మనిషియో, కుక్కయో, పిల్లియో బ్రదికి బయటపడినచో నది రాజుసొమ్ము కాదఁట! గణపతిదేవుని కరుణ పిల్లికొఱకుఁ గాచుకొని యుండలేదు.

1358లో రెడ్డిరాజు అనపోతభూపాలుఁడు మోటుపల్లిలోనే వర్తకులకు మరల నభయ మొసఁగెను. వచ్చిన వర్తకుఁడు తన యిచ్చవచ్చినపుడు పోవచ్చునని యందుఁ జెప్పువాఁడును రాజే.