మరలి రాని సైనికుడు : ‘బర్మా వీణ’

యుద్ధమును గూర్చిన కథలు సాధారణముగా విజయముతోనో, వీరమరణముతోనో ముగియును. యుద్ధము ముగిసిన మరునాడు, పరదేశమున చిక్కిన పరాజిత సైనికుని గతి యేమి యను ప్రశ్న వేసికొన్న కృతులు అరుదు. అట్టివానిలో జపాను రచయిత తకెయామ మిచియో (1903–1984) వ్రాసిన ‘బర్మా వీణ’ యొకటి. అది 1947–48 సంవత్సరములలో ఒక బాలల పత్రికయందు వెలువడి, 1948లో పుస్తకరూపము దాల్చెను. 1956లో ఇచికావ కోన్ దానిని చలనచిత్రముగా తీసెను. 1966లో హోవర్డ్ హిబ్బెట్ చేసిన ఆంగ్లానువాదము వచ్చెను.

తకెయామ సైనికుడు కాడు. టోక్యోలోని ప్రథమోన్నత పాఠశాలలో జర్మను భాషోపాధ్యాయుడు. తాను చదువు చెప్పిన యువకులు యుద్ధమునకు పోయి మరలి రాకపోవుట ఆయన చూచెను. ఈ గ్రంథము ఆ గురువు శిష్యులకిచ్చిన తర్పణము. దాని గుణమును, దోషమును రెండును ఇందుండియే పుట్టినవని నా యభిప్రాయము.

కథ సరళమైనది. సంగీతము నేర్చిన యొక కెప్టెను తన దళమునకు పాటలు నేర్పును. ఆ దళములోని మిజుషిమ యను సైనికుడు బర్మీయుల వీణ వంటిదానిని తానే చేసికొని వాయించుచుండును. 1945 ఆగస్టులో వారొక గ్రామమున శత్రువులచే చుట్టుముట్టబడుదురు. ఏమియు నెరుగనట్లు నటించుటకై వారు పాడిన పాటకు అడవినుండి ఆంగ్లభాషలో అదే పాట బదులుగా వచ్చును. అది జపాను బడులలో పిల్లలు పాడుకొను ‘హోమ్ స్వీట్ హోమ్’. యుద్ధము మూడు దినములకు ముందే ముగిసినదని వారికప్పుడు తెలియును. కొండపై నింకను పోరుచున్న మరియొక దళమునకు నచ్చచెప్ప బోయిన మిజుషిమ తిరిగి రాడు. తోడివారు ముదోన్ శిబిరమున బందీలై అతనికై ఎదురు చూతురు. భుజముపై చిలుకతో తిరుగు ఒక భిక్షువు అచ్చముగా అతని వలె కనబడును, కాని పలుకడు.

ఈ మౌనమే గ్రంథమునకు ప్రాణము. అతడేల పలుకలేదో చివరి భాగమందలి లేఖ వలన గాని తెలియదు. త్రోవ పొడవునను నదీతీరములందును దిక్కులేక పడియున్న తనవారి యెముకలను అతడు చూచును. మొదట కన్ను మరల్చుకొని పోవును. కాని ఎవరో తెలియని జపాను సైనికులకై ఆంగ్లేయ వైద్యాలయమువారు స్తోత్రము పాడుచుండగా విని సిగ్గుపడును. శత్రువు చేసిన పని తాను చేయకపోవుటయా! ఆ సిగ్గు అతనిని వెనుకకు త్రిప్పును. స్వదేశమునకు పోవు ఓడ నెక్కక, ఆ మృతులకై అక్కడనే నిలిచిపోవును. వైరాగ్యము పేరిట లోకమును వదలుట వేరు. చేయవలసిన పని యొకటి మిగిలినదని యిల్లు వదలుట వేరు. మిజుషిమది రెండవది. ఇంటిని గూర్చిన పాటతో ప్రాణము దక్కినవాడే ఇంటికి పోకుండుటలో గల వ్యథను రచయిత బిగ్గరగా చెప్పక, తంత్రులపై వీడ్కోలు పాటగా మాత్రమే వినిపించెను. అది గొప్ప సంయమము.

ఇక దోషము. వ్రాయునాటికి తకెయామ బర్మాను చూడలేదు. మొదట కథను చైనాలో నడుప దలచి, చీనీయులకు జపానీయులకు ఉమ్మడిగా తెలిసిన పాట దొరకనందున, ఆంగ్లేయులు శత్రువులుగానున్న బర్మాకు మార్చెనట. ఈ మార్పులో ఒక సత్యము దాగియున్నది. పాట కలిపినది ఆక్రమించిన వానిని, ఏలిన వానిని. ఎవరి నేలపై ఆ రక్తము చిందెనో ఆ బర్మీయులు దృశ్యముగా మిగిలిరి. పేరులేని యొక వృద్ధ వర్తకురాలు తప్ప వారిలో మనకు గుర్తుండువారు లేరు. నవలలో మిజుషిమ నరభక్షకుల చేత చిక్కుట కేవలము కల్పన. ఇచికావ దానిని తొలగించుట వివేకము. వినయ నియమముల ననుసరించు భిక్షువు వాద్యము వాయింపరాదను సంగతియు రచయితకు పట్టలేదు.

ఈ లోపము మనకు మరింత సూటిగా తగులును. యానాము చేరువనున్న కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగు కూలీలకు పేరై నిలిచెను. 1942లో జపాను సేనలు వచ్చినపుడు భారతీయులు లక్షల సంఖ్యలో రంగూనును విడిచి పారిపోగా, అనేకులు కొండదారులలో కూలిరి. 1942–43లో సయాం–బర్మా రైలుమార్గము వేయుటకు మలయా తోటలనుండి తరలింపబడిన భారతీయ కూలీలలో వేలకొలది జనులు మరణించిరి. వారి యెముకలును ఆ నేలలోనే యున్నవి. మిజుషిమ కన్ను వానిపై పడదు. తనవారిని పాతిపెట్టినవాడు, తనవారివలన చచ్చినవారిని గూర్చి తలపలేదు.

ఐనను ఈ గ్రంథమును త్రోసిపుచ్చరాదు. ఆ వంపు వీణయే మనకొక సాక్ష్యము. బర్మీయుల ‘సౌంగ్’ మన ప్రాచీన వీణకు చుట్టము. అమరావతీ శిల్పములందు అట్టి వంపు వీణలు నేటికిని చూడనగును. తమిళుల యాళును ఆ వంశములోనిదే. ఒక జాతి సొత్తుగా మిగులని వాద్యమును రచయిత ఎన్నుకొనెను. దానిపై పలికించిన దుఃఖమును మాత్రము ఒక జాతికే పరిమితము చేసెను. వీణ విశాలమైనది, పాట చిన్నది. ఓడినవాడు పగ మాని, చనిపోయినవారికి ఋణపడి యుండుటను బాలలకు నేర్పిన ఘనత తకెయామకే చెందును. ఆ ఋణమును పరుల మృతులకును చెల్లింపవలసియున్నదని చెప్పు గ్రంథమునకై మనమింకను ఎదురు చూడవలసినదే. బర్మానుండి నడచివచ్చిన మనవారి సంతతి అట్టిది వ్రాయుటకు తగిన హక్కు గలవారు.