ఆ అయిదు వేలు ఎవరివి?

దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆత్మకథ ‘చింతామన్ అండ్ ఐ’ 1980లో వచ్చింది. అందులో అందరికీ గుర్తుండిపోయిన ఘట్టాలు రెండున్నాయి. రెండూ కాకినాడవే. 1923 కాంగ్రెసు మహాసభల్లో ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూని ఆపేయడం ఒకటి. అంతకు రెండేళ్ళ ముందు దేవదాసీలతో, ఘోషా ముస్లిం స్త్రీలతో గాంధీజీ చేత మాట్లాడించడం రెండోది. మొదటిది పిల్లల పాఠానికి పనికొస్తుంది కాబట్టి బాగా చలామణి అయింది. నేను మాట్లాడదలుచుకున్నది రెండోదాని గురించి.

స్వచ్ఛంద సంస్థలకి విరాళాల సేకరణ నేర్పేవాళ్ళు ఇప్పుడు ఒక మాట తరచు చెబుతున్నారు. లెక్కలు, నివేదికలు ఎవరికీ గుర్తుండవు, సభలో కళ్ళ ముందు జరిగిన ఒక్క సంఘటన గుర్తుండిపోతుంది, దాన్ని పట్టుకోండి అని. తెలుగునేల మీద అలాంటి సంఘటనకి కాకినాడని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ కూడి, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చెయ్యాలని నిర్ణయించింది. అది ముగించుకుని గాంధీజీ కాకినాడ వచ్చారు. పన్నెండో ఏడు నడుస్తున్న దుర్గ నిర్వాహకుల దగ్గరికెళ్ళి, ఈ స్త్రీల కోసం ఆయన సమయం కొంచెం ఇప్పించమని అడిగింది. 5,000 రూపాయల నిధి సమర్పిస్తే చూద్దామన్నారు వాళ్ళు. ఆ సంగతి చెబితే దేవదాసీలు తామే పూనుకుని ఆ మొత్తం పోగు చేశారు. తర్వాత చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. చివరికి ఒక హైస్కూలు ఆవరణ దొరికింది. వెయ్యి మందికి పైగా ఆడవాళ్ళు వచ్చారు. కొద్ది నిమిషాలే అనుకున్న గాంధీజీ అరగంట మాట్లాడారు. ఆ పిల్ల పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. ఆడవాళ్ళు గాజులూ గొలుసులూ తీసి ఇచ్చారు. వాటి విలువ 25,000 రూపాయలని రాస్తారు దుర్గాబాయి. గాంధీజీ ఆ పిల్లని తన కారులోనే టౌన్‌హాలుకి తీసుకెళ్ళి, కొండా వెంకటప్పయ్య గారికి బదులు ఈ రోజు దుర్గ అనువదిస్తుందని చెప్పారు.

కథనం ఎత్తంతా నగల దగ్గరుంది. చదివేవాళ్ళ కళ్ళు చెమర్చేదీ అక్కడే. నేను మాత్రం ప్రతిసారీ ఆ అయిదు వేల దగ్గరే ఆగిపోతాను. ఊరూరా నిధి సమర్పించడం ఆ రోజుల్లో ఆనవాయితీయే. కానీ మనస్ఫూర్తిగా ఇవ్వడం వేరు, ఇస్తేనే దర్శనం అనడం వేరు. తమ సమయాన్ని ఇతరులు కొనుక్కోగా బతికిన స్త్రీలు, ఒక మహాత్ముడి సమయాన్ని డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. ఈ వైపరీత్యం మీద దుర్గాబాయి ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యరు. నిర్వాహకుల మీద కోపం కూడా లేదు. జరిగింది జరిగినట్టు చెప్పి ముందుకెళ్ళిపోతారు. ఆ నిబ్బరం ఆమె రచనకి బలమే. అయినా, ఇక్కడ కొంచెం కోపం ఉండుంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

మరి గాంధీజీ ఏం రాశారు? అదే ఏడాది సెప్టెంబరు 15న ‘యంగ్ ఇండియా’లో ‘పతితులైన సోదరీమణుల’ గురించి వ్యాసం రాస్తూ, ఇలాంటి స్త్రీలను తను మొదటిసారి కలుసుకున్నది కాకినాడలోనని చెప్పారు. అయితే ఆ కలయిక కొద్ది క్షణాలదట. వచ్చినవాళ్ళు అరడజను మందట. వ్యాసంలో ఎక్కువ చోటు బారిసాల్ పట్టణంలో కలిసిన వంద మందికి పైగా స్త్రీలకి దక్కింది. ఒకచోట వెయ్యి మంది, ఇంకోచోట ఆరుగురు. గాంధీజీ లెక్కపెట్టింది దేవదాసీలని మాత్రమేననీ, దుర్గాబాయి వచ్చిన ఆడవాళ్ళందరినీ కలిపి చెప్పారనీ సర్దిచెప్పుకోవచ్చు. ఆ రోజు అలాంటి కలయికలు రెండు జరిగాయనీ అనుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించింది అంకెల తేడా కాదు. ఆయన కథనంలో వాళ్ళు ఉద్ధరణకి ఎదురుచూస్తున్నవాళ్ళు. ఆమె కథనంలో సభని సాధ్యం చేసినవాళ్ళు. 1925కి వచ్చేసరికి గాంధీజీ మరింత కఠినంగా, ఆ వృత్తిలో ఉన్నంతకాలం అలాంటి స్త్రీల దగ్గర విరాళం తీసుకోవడమే తప్పని రాశారు. మరి కాకినాడలో తీసుకున్నదాన్ని ఏమనాలి?

దీని పక్కన 1934 జనవరిలో కేరళలోని వడకరలో జరిగినదాన్ని పెట్టి చూడండి. కౌముది అనే పదహారేళ్ళ అమ్మాయి సభలో ముందు గాజు, తర్వాత హారం, తర్వాత చెవి కమ్మలు తీసి ఇచ్చేసింది. గాంధీజీ ఆమెతో మాట్లాడారు, ఇంట్లోవాళ్ళ అనుమతి ఉందా అని అడిగారు, ‘హరిజన్’లో ‘కౌముది త్యాగం’ అంటూ పేరుపెట్టి రాశారు. తర్వాత ఆ కథ పాఠ్యపుస్తకాలకీ ఎక్కింది. ఆ అమ్మాయి నిజాయితీని నేను శంకించడం లేదు. కుటుంబం, పరువు ఉన్న అమ్మాయి ఇస్తే ఆ ఇవ్వడానికి పేరొచ్చింది. కాకినాడ స్త్రీల పేరు ఒక్కటైనా మనకి మిగల్లేదు. ఇంకోటి కూడా గమనించాలి. మగవాళ్ళిస్తే విరాళమంటాం, ఆడవాళ్ళిస్తే త్యాగమంటాం. విరాళానికి రసీదు ఉంటుంది. ఘోషాలో ఉన్న స్త్రీకి తనదని చెప్పుకోడానికి ఒంటిమీది బంగారం తప్ప ఏముంది?

ఇప్పటి విరాళాల సభలు చూస్తుంటే ఈ తేడా ఇంకా పెరిగిందనిపిస్తుంది. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో, హింస నుంచి బయటపడిన స్త్రీల కోసం పనిచేసే ఒక సంస్థ పెట్టిన విందుకి వెళ్ళాను. భోజనాల ముందు దీపాలు తగ్గించారు. ఒకావిడ వేదికెక్కి తన మీద జరిగిన దాడి గురించి చెప్పింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం చెదరకముందే బల్లల మీదికి విరాళాల కార్డులు వచ్చాయి. డబ్బు బాగానే పోగయ్యిందని తర్వాత విన్నాను. ఆ డబ్బుతో ఆశ్రయం నడుస్తుంది, దాన్ని నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. కిందకి దిగాక ఆవిడ మా బల్ల దగ్గర కూర్చుంది. ఈ నెలలో ఇలా చెప్పడం ఇది మూడోసారి అంది. ఇంకేమైనా మాట్లాడాలని ఉండేదా అని అడిగితే, కోర్టు వాయిదాల గురించి చెబుదామనుకున్నానని, అది పొడుగైపోతుందని వద్దన్నారని చెప్పింది.

కాకినాడ సభ ఆ స్త్రీల ‘గురించి’ పెట్టింది కాదు, వాళ్ళ ‘కోసం’ పెట్టింది. ఎవరి బాధనూ వేదిక మీద చూపించలేదు. వినాలని వచ్చినవాళ్ళే ఖర్చు భరించారు, వాళ్ళే ఇచ్చారు. దుర్గాబాయి కథనంలో నాకు అన్నిటికంటే విలువైనది, ఆ ‘క్షణం’ వెనకాలి చాకిరీని దాచకపోవడం. తిరగడం, అడగడం, కాదనిపించుకోవడం, చోటు వెతకడం అన్నీ ఉన్నాయి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభని మొదలుపెట్టిన మనిషికి సభ ఎలా తయారవుతుందో బాగా తెలుసు. అందుకే తన జీవితంలోని మొట్టమొదటి సభని అంత వివరంగా రాయగలిగారు.

అంత వివరంగా రాసిన చోట కూడా, అయిదు వేలు తెచ్చిన స్త్రీలలో ఒక్కరికీ ముఖం లేదు. ఇంటింటికీ ఎవరు తిరిగారు? ఎవరు ఎంత వేశారు? గాంధీజీ మాటలు విన్నాక వాళ్ళల్లో వాళ్ళు ఏమనుకున్నారు? సభ అయిపోగానే కారు టౌన్‌హాలు వైపు కదులుతుంది. పుస్తకం కూడా ఆ కారెక్కి వెళ్ళిపోతుంది. ఆడవాళ్ళు ఇంకా హైస్కూలు ఆవరణలోనే ఉన్నారు.