లేపాక్షి కప్పు, నిమ్మలకుంట తోలు

లేపాక్షికి వచ్చినవాళ్లు ముందు బసవన్న దగ్గర ఆగుతారు. ఒకే రాతిలో చెక్కిన 27 అడుగుల నంది అది, ఆగకుండా ఎవరు పోగలరు? తర్వాత వీరభద్రస్వామి గుళ్లోకి వెళ్లి, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి అవతలకు లాగి, సంబరంగా బయటికొచ్చేస్తారు. తలెత్తి చూసేవాళ్లు తక్కువ. నాకది ఎప్పుడూ బాధే. విజయనగర కాలపు చిత్రలేఖనం ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ అదంతా నెత్తి మీదే ఉంది.

గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల్లో, పెనుకొండ కేంద్రంగా అధికారం నడిపినవాళ్లు. రోమ్‌లో మైకెలాంజిలో సిస్టీన్ చాపెల్ కప్పుకు బొమ్మలు వేయడం ముగించింది 1512లో. రెండు కప్పుల మధ్య ఎడం పాతికేళ్లకు అటూ ఇటూ. ఆయన వెలుగునీడలతో కండలు తేల్చి చూపాడు. మనవాళ్లు నీడ జోలికి పోలేదు. గీతనే నమ్ముకున్నారు.

పని తీరు చూడండి. రాతి మీద సున్నమూ ఇసుకా కలిపిన గార మెత్తి, దానిమీద పల్చగా సున్నపు పూత వేస్తారు. ఆ తెల్లటి నేల మీద కావిరంగుతో బొమ్మ ఆకారం గీస్తారు. లోపల రంగు సమంగా నింపుతారు. కావి, పసుపుమన్ను, మసి, సున్నపు తెలుపు, కాస్త ఆకుపచ్చ. సరుకు దాదాపు ఇంతే. ఆఖరున నల్లటి గీత మళ్లీ అంచంతా తిరుగుతుంది. ప్రాణం వచ్చేది అప్పుడే. ఈ గీత వణికితే దిద్దుబాటుకు దారి లేదు. దాని తప్పును కప్పడానికి నీడ లేదు కదా.

కిరాతార్జునీయం పట్టీ కింద కాసేపు నిలబడండి. పంది దూకుతోంది. వీపు మీదుగా సాగిన ఒక్క వంపులోనే దాని బరువు, కోపం, వేగం మూడూ తెలుస్తాయి. పార్వతీ కల్యాణం దగ్గరికొస్తే కథ కన్నా ముందు చీరలే కళ్లకు కడతాయి. చారలు, గళ్లు, అంచు అంచుకూ వేరే అల్లిక. పక్కకు దిగిన పెద్ద కొప్పులు. మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు. శ్రీనాథుడి చాటువులో మనం విన్న కుళ్లాయి ఇదే. చిత్రకారులు దేవతలను గీస్తూ గీస్తూ తమ ఊరి జనాన్నీ, తాము చూసిన కొలువునూ కప్పుకెక్కించారు. కట్టించిన అన్నదమ్ములు కూడా పరివారంతో సహా అక్కడే చేతులు జోడించి ఉన్నారు.

ఇప్పుడు ధర్మవరం వైపు రండి. ఆ మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, బిగలాగి ఎండబెడితే వెలుతురు దూరేంత పల్చనవుతుంది. దానిమీద బొమ్మ గీస్తారు, రంగులద్దుతారు, నగలున్న చోటల్లా ఉలితో చిల్లులు పొడుస్తారు. లేపాక్షిలో హారాన్ని రంగు చూపిస్తుంది, ఇక్కడ చిల్లులోంచి వచ్చే వెలుతురు చూపిస్తుంది. మొహం మాత్రం అదే పక్కవాటు మొహం. అదే పదునైన ముక్కు. పక్కకు తిరిగిన మొహంలో నిండుగా తెరుచుకున్న అదే కన్ను. తెర మీద నీడగా పడ్డప్పుడు ముక్కూ గడ్డమూ పోల్చుకోవాలంటే పక్కవాటు తప్పదు. అందుకని ఈ పోలికంతా అనుకరణేనని నేననను. కానీ ఆ నల్లటి గీత నడకను రెండు చోట్లా చూసినవాళ్లకు చుట్టరికం తెలియకపోదు.

మరాఠీ మూలాల కుటుంబాలు తెలుగులో రామాయణం పాడుతూ, ఊరూరా తెర కట్టి నిలబెట్టిన కళ ఇది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆడించే ఆటలు మాత్రం అరుదైపోయాయి. బతుకుతెరువు కోసం అవే చేతులు దీపాలకు తోలు తొడుగులు చేస్తున్నాయి. కళ దిగజారిందనేవాళ్లతో నేను ఒప్పుకోను. కొనేవాడు లేకపోతే ఉలి పట్టేవాడూ ఉండడు.

గుడి కళ కొనేవాళ్ల చేతికి చేరడంలో చీర సంగతీ అంతే. లేపాక్షి లతామండపంలో స్తంభం స్తంభానికీ వేరే వేరే తీగ అల్లికలు చెక్కారు. ఆ డిజైన్లు చీరల అంచులకెక్కి ఎన్నాళ్లయిందో! ధర్మవరంలో చీర కొనేటప్పుడు అంచును ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. మర్నాడు లేపాక్షి వెళ్తే ఆ తీగ ఏ స్తంభం మీదిదో వెతకొచ్చు.